సంగీతము నేర్చు మనస్సు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



గ్రామములలో తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు. "వీడికి గొంతు లేదు, పాట రాదు" అని. ఏడెనిమిదేండ్ల పిల్లవాడు రామభజనలో ఒక చరణమును శ్రుతి తప్పి పాడినంతనే ఈ తీర్పు వెలువడును. దానిపై అప్పీలు లేదు. పొలముగట్టు తగాదా వచ్చినచో కోర్టువారు సాక్షులను విచారింతురు, దస్తావేజులు చూతురు, అమీనును పంపి కొలిపింతురు. ఇక్కడ సాక్షియు లేడు, దస్తావేజును లేదు, కొలతయు లేదు. ఆ పిల్లవాడు పెద్దవాడై తన బిడ్డలకును అదే మాట అప్పగించును. ఆస్తితోపాటు అప్పు సంక్రమించినట్లు అది తరతరములకు సంక్రమించును.

ఈ తీర్పు న్యాయమైనదా కాదా యని విచారించు శాస్త్ర మొకటి కలదు. దానిని సంగీత మనశ్శాస్త్ర మందురు. చెవిలో పడిన ధ్వనిని మనస్సు స్వరముగా నెట్లు గ్రహించును? రాగమును రెండు క్షణములలో నెట్లు గుర్తించును? గంటసేపు పాడదగిన పాటను జ్ఞప్తియం దెట్లు నిలుపుకొనును? విని యేల కరగును? సభలో పాడబోవునపుడు గొంతు ఏల ఆరిపోవును? ఇవి దాని ప్రశ్నలు. పాశ్చాత్య విశ్వవిద్యాలయములలో ఇది పాఠ్యవిషయమై చాలకాలమైనది. జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ పండితుడు స్వరముల యింద్రియానుభవమును గూర్చిన తన మహాగ్రంథమును 1863లో ప్రకటించెను. అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు గారు జన్మించినది ఆ మరుసటి సంవత్సరము, 1864లో. ఈ రెండు సంగతులకు సంబంధ మేమియు లేదు; కాని సంగీతమును గూర్చిన రెండు విధముల జ్ఞానము ఒకే కాలమున, ఒకదాని నొకటి యెరుగక పెరిగినదనుటకు ఇది గుర్తు. విశ్వవిద్యాలయమున ఈ శాస్త్రమును బోధింపవలసివచ్చినచో ఆ రెండును ఎట్లు కలియవలెనో, దానికి విజయనగరము ఏమి ఇయ్యగలదో చూచుటయే నేటి ప్రసంగ విషయము.

విజయనగర సంస్థానాధీశులు పూసపాటి విజయరామ గజపతి వారు 1919లో గానపాఠశాలను స్థాపించిరి. దాని పుట్టుకను గూర్చి పెద్దలు చెప్పుకొను కథ అందరికిని తెలిసినదే. సంస్థానోద్యోగి యొకరి కుమారుడు అంధుడు. ఆ బాలునకు సంగీతముపై మక్కువ. వానికొరకై గురువును వెదకుటతో ఆరంభమైన యోచన, అట్టివా రెందరో యుందురుగదా యను తలంపుతో పాఠశాలగా పరిణమించినదని ప్రతీతి. ఆదిభట్ల వారు ప్రథమాధ్యక్షులైరి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు ఆచార్యులైరి. ఆ పాఠశాలయే నేడు మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల.

ఈ కథలో శాస్త్రమునకు సంబంధించిన యంశ మొకటి దాగియున్నది. కనులు లేనివానికి చెవులు చురుకు అని లోకులు అనుచుందురు. అది నిజమా, లేక జాలితో పుట్టిన మాటయా? కెనడా దేశమున మాంట్రియల్ నగర పరిశోధకులు ఈ విషయమును పరీక్షించి 2004లో ఫలితములను ప్రకటించిరి. రెండు స్వరములను వెంటవెంట వినిపించి, రెండవది పైకి పోయినదా, క్రిందికి దిగినదా యని యడిగిరి. పసితనముననే చూపు కోల్పోయినవారు, స్వరములు మిక్కిలి వేగముగా మారినను, చూపు గలవారికంటె మెరుగుగా చెప్పగలిగిరి. పెద్దయైన పిదప చూపు కోల్పోయినవారిలో ఆ మెరుగు కానరాలేదు. అనగా చెవి చురుకుదనము గ్రుడ్డితనమునకు దేవుడిచ్చిన నష్టపరిహారము కాదు. లేతవయస్సున మెదడు తన్ను తాను మలచుకొనుచున్న కాలమున ఏ ద్వారము తెరచియుండునో ఆ ద్వారమున పని యెక్కువ జరుగును. తండ్రి ఆ బాలునకు చిన్ననాడే గురువును వెదకుట యెంత సరియైన పనియో, ఎనుబదియైదేండ్ల తరువాత ఒక ప్రయోగశాల చెప్పినది.

ఇక ప్రయోగము లనునవి పాశ్చాత్యుల సొత్తని తలంచువారు భరతముని నాట్యశాస్త్రమును ఒకసారి తెరచి చూడవలెను. సప్తస్వరములలో ఇరువదిరెండు శ్రుతు లున్నవని పాఠము చెప్పి ఊరకుండక, ఆయన దానిని చెవికి ఋజువు చేయు మార్గమును చూపెను. సర్వవిధముల సమానమైన రెండు వీణలను తీసికొని ఒకే శ్రుతిలో కూర్పవలెను. ఒకటి కదల్పరాదు, అది ధ్రువవీణ. రెండవది చలవీణ. చలవీణయందలి స్వరములన్నిటిని ఒక శ్రుతి తగ్గింపవలెను. ఇప్పుడు ఏ స్వరమును రెండవ వీణలోని పొరుగు స్వరముతో కలియదు. మరల తగ్గింపగా చలవీణలోని గాంధార నిషాదములు ధ్రువవీణలోని రిషభ ధైవతములతో కలిసిపోవును. కావున ఆ రెండింటికిని రెండేసి శ్రుతులు. మూడవసారి తగ్గింపగా రిషభ ధైవతములు షడ్జ పంచమములలో లీనమగును, వానికి మూడేసి. నాలుగవసారి షడ్జ మధ్యమ పంచమములు తమ క్రింది స్వరములైన నిషాద గాంధార మధ్యమములలో పడును, వానికి నాలుగేసి. ఇప్పుడు కూడిక వేయుడు: రెండు రెండ్లు నాలుగు, రెండు మూళ్లు ఆరు, మూడు నాలుగులు పండ్రెండు, వెరసి ఇరువదిరెండు. చిట్టాకును ఆవర్జాకును ఒక్క పైస తేడా రాలేదు.

ఈ లెక్కలో గమనింపదగినది కూడిక కాదు. అందులో కొలబద్ద చెవి. తంత్రి పొడవు చెప్పలేదు, అంకెలు చెప్పలేదు. "కలిసినది" అని వినువాని మనస్సు ఒప్పుకొనుటయే ప్రమాణము. మనశ్శాస్త్ర ప్రయోగమనగా ఇదియే. రెండు వీణలు, ఒక ఉదయము ఉన్నచో ఏ సంగీత కళాశాలలోనైనను విద్యార్థులు దీనిని చేసి చూడవచ్చును. కాని మనవారు శ్రుతుల పేర్లను వల్లించుటలో చూపిన శ్రద్ధ ఆ వీణలను కూర్చి వినుటలో చూపలేదు. పేర్లు పరీక్షకు వచ్చును, చెవి పరీక్షకు రాదు. అదియే కారణము కాబోలు.

విజయనగరమున గానపాఠశాల తలుపులు తెరచిన 1919వ సంవత్సరముననే అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున కార్ల్ సీషోర్ అను ఆచార్యుడు సంగీత ప్రతిభను కొలుచు పరీక్షలను గ్రామఫోను రికార్డులపై వెలువరించెను. రెండు స్వరములను వినిపించుట, ఏది పైదో చెప్పుమనుట, తేడాను క్రమముగా తగ్గించుచు పోవుట; అట్లే ధ్వని బలము, కాలప్రమాణము, స్వరసంవాదము, స్వరస్మృతి. బడిపిల్లలను వరుసగా కూర్చుండబెట్టి కాగితములపై జవాబులు వ్రాయించి, ఎవనికి ప్రతిభ గలదో యెవనికి లేదో అంకెలలో తేల్చవచ్చునని ఆయన విశ్వాసము. స్వరభేదమును గ్రహించు శక్తి పుట్టుకతో వచ్చునదియే గాని శిక్షణచే పెరుగునది కాదని ఆయన అభిప్రాయము. ఊరిపెద్ద "గొంతు లేదు" అని నోటితో చెప్పిన తీర్పును ఆయన యంత్రముతో చెప్పించెనని తోచును. ఐతే ఒక్క భేదము కలదు. ఆయన కొలిచి చెప్పెను. కొలిచినదానిని ఇతరులు మరల కొలిచి కాదనవచ్చును. అట్లే జరిగినది. జేమ్స్ మర్సెల్ అను మరియొక ఆచార్యుడు 1937లో ప్రకటించిన గ్రంథమున, విడివిడి స్వరములను గుర్తించుట వేరు, సంగీతమును గ్రహించుట వేరు, ముక్కలను కొలిచి మొత్తమును కొలిచితిమనుట సరికాదని వాదించెను.

తెలుగువారి చెవికి మర్సెల్ వాదము మరింత నచ్చును. తోడిరాగమున గాంధారమును ఒకచోట నిలిపి పాడినచో అది తోడి కాదు. ఆ స్వరము ఊగవలెను. గమకమే రాగమునకు ప్రాణము. నిలకడగా మ్రోగు రెండు ధ్వనుల నడుమ తేడాను చెప్పలేని పిల్లవాడు, ఊగుచున్న స్వరమును వినినంతనే రాగమును పట్టుకొనవచ్చును. అట్టివానిని సీషోరు పలక గుర్తింపలేదు. కావున మన విశ్వవిద్యాలయములలో ఈ శాస్త్రమును బోధించువారు విదేశపు పరీక్షలను తెచ్చి పిల్లలపై ప్రయోగించుటతో తృప్తి పడరాదు. గమకమును, రాగచ్ఛాయను, లయను పరీక్షించు పద్ధతులను మన వాద్యములతోనే నిర్మింపవలెను.

మన వాద్యములు పరిశోధనకు పనికిరావను శంక యెవరికిని వలదు. విశాఖపట్టణమున బాల్యమున చదువుకొనిన చంద్రశేఖర వేంకటరామన్ గారు కలకత్తాలో ఫిడేలు తంత్రులను, మృదంగమును పరిశోధించిరి. సాధారణముగా చర్మవాద్యము ధ్వనియందు పైస్వరములు ఒకదానితో నొకటి పొసగవు. మృదంగమునకు వలంతలపై వేయు కరణి వలన అవి స్వరక్రమమున అమరునని 1920లో ఆయన లోకమునకు చూపిరి. ఎవరో పేరెరుగని మృదంగకారుడు శతాబ్దముల క్రిందట చెవి చెప్పినట్లు కరణి మందమును తగ్గించుచు, పెంచుచు కనుగొనిన సంగతి అది.

ప్రతిభను పరీక్షించుటలో విజయనగరమునకు తన పద్ధతి యొకటి యుండెను. ద్వారం వారు 1893లో జన్మించిరి; చిన్ననాటినుండి చూపు మందము. పాఠశాల తెరచినారని విని విద్యార్థిగా చేరుటకై వచ్చిరనియు, వారి వాద్యమును వినిన దాసుగారు విద్యార్థిగా గాక ఆచార్యునిగా తీసికొనిరనియు చెప్పుదురు. అప్పటికి నాయుడుగారి వయస్సు ఇరువదియైదు, ఇరువదియారేండ్లు. దరఖాస్తు ఫారములు, మార్కుల జాబితాలు అడుగు కాలమున ఇట్టి నియామకము జరుగునా యను సందేహము సభికులకు కలుగవచ్చును, అది సహజమే. 1936లో నాయుడుగారే ఆ కళాశాలకు అధ్యక్షులైరి. 1941లో మదరాసు సంగీత విద్వత్సభవారి సంగీత కళానిధి బిరుదము నందిరి. దాసుగారి చెవి కొలత తప్పలేదు.

ఆ దాసుగారే మనశ్శాస్త్రజ్ఞులకు ఒక పాఠ్యభాగము కాదగినవారు. రెండు చేతులు, రెండు పాదములు, శిరస్సు, వీనితో వేరువేరు తాళములు చూపుచు పాడగలిగిన పంచముఖి విద్వాంసులని వారికి ప్రసిద్ధి. మనస్సు ఒక సమయమున ఒక పనినే చేయగలదా, పెక్కింటిని చేయగలదా యని శాస్త్రజ్ఞులు నేటికిని తర్కించుచున్నారు. సాధనచే కొన్ని పనులు దేహమునకు అప్పగింపబడి, మనస్సు మరియొకదానికై ఖాళీ యగునని యొక సమాధానము. మేడిపై చేయి యుంచి పాట పాడుచు నాగలి దున్ను రైతును చూచినను ఆ సమాధానము కొంత బోధపడును.

ఇక రసవిషయము. సంగీతము విని మనస్సేల ద్రవించును? భరతముని షడ్జ రిషభములను వీర రౌద్రాద్భుతములకును, గాంధార నిషాదములను కరుణమునకును, మధ్యమ పంచమములను హాస్య శృంగారములకును, ధైవతమును బీభత్స భయానకములకును వినియోగింపుమనెను. స్వరమునందే రసమున్నదా, వినువానియందున్నదా యనునది పాతప్రశ్న. 1999లో కెనడాలోని బాల్క్‌విల్, థాంప్సన్ అను పరిశోధకులు హిందూస్థానీ రాగములను ఎన్నడును వినియుండని పాశ్చాత్యులకు వినిపించి, ఇందు ఏ భావమున్నదో చెప్పుడని యడిగిరి. సంతోషమును, దుఃఖమును, కోపమును వారు చాలవరకు సరిగనే గుర్తించిరి. శాంతమును మాత్రము గుర్తింపలేకపోయిరి. నడక వేగము, స్వరరచనలోని సరళత, జటిలత్వము మొదలగు కొన్ని గుర్తులు సర్వమానవులకును సమానమనియు, కొన్ని సంస్కారముచే మాత్రమే తెలియుననియు దీనివలన తేలినది. అభినవగుప్తుడు సహృదయుని లక్షణమును చెప్పుచు, కావ్యానుశీలనాభ్యాసముచే అద్దమువలె నిర్మలమైన మనస్సు గలవాడని కదా వర్ణించెను! అక్కడను అభ్యాసమే. శాంతము అందరికంటె చివరకు దొరకినదగుట ఆలంకారికులకు ఆశ్చర్యము కలిగింపదు. దానిని రసముగా నంగీకరించుటకే వారు పెద్ద వాదములు చేసికొనిరి. దాసుగారు కాళిదాసునుండియు షేక్‌స్పియరునుండియు రసవంతములైన భాగములను ఏరి తెనిగించి "నవరస తరంగిణి"ని కూర్చినారు. రెండు దేశముల హృదయములను ఒక త్రాసులో పెట్టిన యా గ్రంథము సంగీత మనశ్శాస్త్రము చదువు విద్యార్థులకు ఉపపఠనముగా నుండదగినది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావలెను. పిల్లవానికి పాట రాదనుట నిజమా? జాన్ స్లోబొడా అను ఆచార్యుడు ఇంగ్లండులోని కీల్ విశ్వవిద్యాలయమున ఈ శాస్త్రమును బోధించిన ప్రముఖుడు. ఆయనయు, సహచరులును 257 మంది బాలబాలికల సంగీతాభ్యాసమును పరిశీలించి 1996లో ఫలితములను ప్రకటించిరి. ప్రతిభావంతులనబడువారు ఒక తరగతి పరీక్షనుండి మరియొక తరగతికి పోవుటకు తక్కువ గంటలు సాధన చేసియుందురని లోకుల యూహ. అట్లు కానరాలేదు. ఒక్కొక్క మెట్టు ఎక్కుటకు అందరికిని దాదాపు అన్నియే గంటలు పట్టినవి. ముందున్నవారు దినదినము ఎక్కువ సాధన చేసిరి, అంతే. దగ్గరదారి యెవరికిని లేదు. అదే పరిశోధకవర్గము 1998లో మరియొక సంగతి చెప్పెను. బాగుగా పైకి వచ్చిన పిల్లలు తమ తొలిగురువును స్నేహశీలి యనియు, మాట్లాడ నింపైనవాడనియు తలచుకొనిరి. నడుమనే మానివేసినవారు తమ తొలిగురువును అంత ఇష్టముగా తలచుకొనలేదు.

ఇంగ్లండు లెక్కలు మన ఊళ్లకెట్లు వర్తించును అని యడుగవచ్చును. దానికి విజయనగరముననే దృష్టాంతము కలదు. కృష్ణా జిల్లా చౌటపల్లిలో 1922లో జన్మించి, బాల్యముననే తండ్రిని కోల్పోయిన ఘంటసాల వేంకటేశ్వరరావు సంగీతము నేర్వవలెనని విజయనగరము చేరెను. చేతిలో ధనము లేదు. మధుకరమెత్తి కడుపు నింపుకొనెను. సాలూరు చినగురువుగారని పేరొందిన పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆ బాలుని చేరదీసి విద్య చెప్పిరి. గురువును సంపన్నుడు కాడు. వారాలిచ్చిన యిల్లాండ్రు, మధుకరము పెట్టిన చేతులు, కోపము లేక చెప్పిన గురువు, చీకటితో లేచి చేసిన సాధన. ఈ నాలుగింటిలో ఏ యొక్కటి లోపించినను ఆ గొంతు ఆంధ్రదేశమునకు దక్కియుండెడిది కాదేమో. "పుట్టుకతో వచ్చిన గొంతు" అని మనము సులభముగా అనివేయుదుము. ఆ మాటతో మధుకరము పెట్టిన తల్లుల ఖాతా కొట్టివేయబడును.

సత్యమును దాచరాదు. స్వరభేదమును నిజముగనే గ్రహింపలేనివారు లోకమున కలరు. మాంట్రియల్‌లో ఇసబెల్ పెరెట్జ్ అను పండితురాలు ఇట్టివారిని శ్రద్ధగా పరిశోధించినది. ఎన్నిసార్లు వినిపించినను తెలిసిన పాటయే వారికి తెలియదు. పాట పాడినను, పళ్లెము మ్రోగినను ఒకటే. అట్టివారు నూటికి సుమారు ఒకటిన్నర వంతు అని 2017లో ఆమెయు సహచరురాలును లెక్క కట్టిరి. అనగా రెండువందల మంది పిల్లలున్న బడిలో ముగ్గురు. మన ఊళ్లలో "గొంతు లేదు" అనిపించుకొనినవారు ముగ్గురేనా? బడిలో సగమునకు ఆ బిరుదము తగిలించియున్నాము. మిగిలినవారందరు అక్రమముగా త్రోసివేయబడినవారే. ఆడపిల్లల సంగతి చెప్పనక్కరలేదు. గొంతున్నను లేదనిపించిన యిండ్లు కొన్ని కలవు. విజయనగరముననే పుట్టి, ద్వారం భావనారాయణరావు గారి శిష్యురాలై, ఆ కళాశాలలో చదివిన పి. సుశీల గారి యింట అట్టి మాట ప్రబలియుండినచో ఏమి జరిగియుండెడిదో ఊహించుకొనవచ్చును.

కావున విశ్వవిద్యాలయములలో సంగీత మనశ్శాస్త్రము ఎట్లు బోధింపబడవలెను? సంగీత శాస్త్ర పరీక్షలలో రాగలక్షణములు, తాళాంగములు, వాగ్గేయకారుల చరిత్రలు అడుగుదురు. అవి కావలసినవే. కాని పాడు విద్యార్థికి మనశ్శాస్త్రము తెలియదు. మనశ్శాస్త్ర విద్యార్థికి పాట తెలియదు. ఇరువురిని ఒక గదిలో కూర్చుండబెట్టవలెను. మొదటి దినమున ఉపన్యాసము వలదు. రెండు వీణలు తెచ్చి భరతుని ప్రయోగము చేయింపవలెను. కలిసినదని యెవరికి ఎప్పుడు తోచినదో వ్రాసికొనవలెను. సీషోరు రికార్డులకై పడిన ప్రయాస నేడు అక్కరలేదు. ఏ పిల్లవాని జేబులోనైనను శబ్దమును పట్టు ఫోను కలదు. ఖర్చు లేదని చెప్పుటకు ఇంతకంటె లెక్క చూపనక్కరలేదు.

తరువాత విద్యార్థులు కళాశాల గోడలు దాటి రావలెను. ఉత్తరాంధ్రమున తప్పెటగుళ్లవారు రొమ్మున తప్పెట కట్టుకొని గంటల తరబడి గంతులు వేయుచు లయ తప్పరు. జముకుల కథవారు రాత్రియంతయు కథ నడిపి ఒక్క చరణము మరువరు. వీరిలో పెక్కుమందికి స్వరముల పేర్లు తెలియవు. లయ దేహమున నెట్లు నిలుచును, జ్ఞాపకమునకు పాట యెట్లు గూడు కట్టును అను ప్రశ్నలకు వీరు గురువులు. వారిని పరీక్షావస్తువులుగా గాక బోధకులుగా పిలిచి, బోధకులకిచ్చు వేతనమిచ్చి, పీటవేసి కూర్చుండబెట్టవలెను. సభాకంపమును గూర్చి చదువువారు హరిశ్చంద్ర పద్యములు పాడు నాటకపు నటులను అడిగినచో, పుస్తకములలో లేని ఉపాయములు నాలుగు దొరకును.

కడపట ఒక నియమము. పట్టము కోరు ప్రతి విద్యార్థియు ఏదైన గ్రామమున "పాట రాదు" అనిపించుకొనిన బిడ్డ నొకని, లేక ఒకతెను ఎన్నుకొని సంవత్సరకాలము విద్య చెప్పవలెను. సరళీస్వరములు మొదలుకొని, వారమునకు మూడు దినములు, కసరక చెప్పవలెను. ఆ బిడ్డ ఏనాడు ఏ స్వరమును పట్టెనో, ఏనాడు తప్పెనో, ఏ మాటకు ఉత్సాహపడెనో, ఏ మాటకు ముడుచుకొనెనో తేదీలు వేసి వ్రాయవలెను. పరీక్షకులు విద్యార్థిని ప్రశ్నింపక మునుపు ఆ బిడ్డ పాటను మొదటి నెలది ఒకమారు, పండ్రెండవ నెలది ఒకమారు వినవలెను. పిదప ఆ దినచర్య పుస్తకమును తెరచి రెంటి నడుమ నున్న మూడువందల అరువది దినముల పద్దులను సరిచూడవలెను. అట్టి పుస్తకములు వ్రాయబడినచో వాని ప్రతి యొకటి ఈ గ్రంథాలయపు బీరువాలోనికి రాదగినది, చోటు కలదు.